ఇల్లు మారిన శుక్రవారం కూడిక

నా చిన్నప్పుడు మా నాయనమ్మని మంచం దిగనివ్వకపోవడమే ప్రేమ అనుకునేవాళ్ళం మేమంతా. తిరువూరులో మా వీధి మొత్తానికీ ఆవిడంటే అంత ఇది. ఏళ్ళ తరబడి మిరప కోతల్లో వంగి లేచి, మామిడి తోటల్లో బుట్టలు మోసి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. లేచి నిలబడితే కటకటమని చప్పుడు పక్కగదిలోకి వినబడేది. అందుకని మంచినీళ్ళు మంచం దగ్గరికి, కంచం మంచం దగ్గరికి, ఆఖరికి ప్రార్థన కూడా మంచం దగ్గరికే తెచ్చాం. చర్చికి నడవలేదు పాపం అని శుక్రవారం కూడికని సంఘంవాళ్ళు మా ఇంట్లోనే పెట్టేశారు.

ఆ కూడికలో పాట ఎత్తుకోవడం మా నాయనమ్మ హక్కు. ఆవిడ గొంతు విప్పాకే మిగతావాళ్ళు అందుకోవాలి. ఎవరన్నా తొందరపడి ముందే మొదలుపెడితే ఒక చూపు చూసేది. అంతే, నోరు మూతపడేది.

నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చిన బిళ్ళలు మింగేది. ఏ డాక్టరూ రాసిచ్చినవి కావు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, వర్షం పడితే మధ్యాహ్నం ఇంకొకటి. కొన్నాళ్ళకి పాదాలు వాచాయి. రెండు వరసలు పాడేసరికి ఆయాసం. మేం అన్నిటినీ మోకాళ్ళ మీదికే తోసేశాం. వాపా, మోకాళ్ళవల్లే. ఆయాసమా, పెద్దతనం. మా తెలివి తెల్లారినట్టే ఉండేది.

ఒక శుక్రవారం పాట మధ్యలో ఆవిడ గొంతు ఆగిపోయింది. ఒళ్ళంతా చెమట. గుండెల మీద చెయ్యి వేసుకుని గాలి కోసం నోరు తెరుస్తోంది. మా అమ్మ అలవాటు కొద్దీ మోకాళ్ళకి తైలం రాస్తోంది. కూడిక నడిపించే పాస్టరమ్మగారు ఆ తైలం సీసా పక్కకి నెట్టేసి రిక్షా పిలవమని కేకేశారు. ఆస్పత్రి దాకా నాయనమ్మ తల ఆమె భుజం మీదే ఉంది. నేను వెనక పరిగెడుతూ దారంతా ఏడుస్తూనే ఉన్నాను. చచ్చిపోతుందనే అనుకున్నాను.

బతికింది. గుండె బలహీనపడిందని డాక్టరుగారు చెప్పారు. ఆ బిళ్ళలవల్ల ఒంట్లో నీరు నిలిచి రక్తపోటు పెరిగిందట. కదలకుండా కూర్చోవడం దానికి తోడైందట. ఇక ఆ బిళ్ళలు ముట్టుకోకూడదు, ఆయన రాసినవే వాడాలి, కోలుకున్నాక రోజూ కొంచెం కొంచెం నడవాలి. "మోకాలికి భయపడి కూర్చుంటే గుండె ఊరుకోదమ్మా" అన్నారాయన.

ఇంటికొచ్చి కాస్త తేరుకున్నాక నడవమంటే నాయనమ్మ నడవనంది. అడుగేస్తే మోకాలి నొప్పి, అడుగేస్తే గుండె ఏమవుతుందోనని భయం. మేమూ హడలిపోయి ఊరుకున్నాం. మళ్ళీ మంచమే, మళ్ళీ మంచం దగ్గరికే కంచం. పాదాలు మళ్ళీ వాయడం మొదలైంది.

అప్పుడు పాస్టరమ్మగారు కబురు పంపారు, ఈ వారం నుంచి కూడిక మా ఇంట్లో కాదు, పక్కింట్లో అని. ఇంట్లో అగ్గి పుట్టింది. జబ్బు మనిషని చూసి ఇల్లు మార్చేస్తారా, చర్చిలో అందరి ముందూ కడిగేస్తానని మా అమ్మ చిందులేసింది. నాయనమ్మ మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది. ఆ వీపు చూస్తే నాకు ఏడుపొచ్చింది.

శుక్రవారం సాయంత్రం పక్కింట్లో చాపలు పరిచారు. మనుషులు వచ్చిన అలికిడి, దగ్గులు, పసిపిల్లల గోల, అన్నీ గోడ ఇవతలికి వినబడుతున్నాయి. పాట మాత్రం లేదు. చాలాసేపు చూశాం. లేదు. నాయనమ్మ ఇటు తిరిగింది. తన కోసమే ఆగారని ఆవిడకి మా అందరికంటే ముందే తెలిసిపోయింది. కాళ్ళు కిందికి దించి కర్ర అందుకుంది. మా అమ్మ అడ్డం రాబోతే ఆ కర్రతోనే తప్పుకోమంది.

పక్కిల్లు ఎంత దూరమని? ఆ రోజు మాత్రం ఊరి పొలిమేరంత దూరమనిపించింది. గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తూ, సగం దారిలో ఆగి గుండెల మీద చెయ్యి వేసుకుంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. గుండెలో నొప్పా అని అడిగాను.

"గుండె కాదే, కోపం. పద" అంది.

లోపలికెళ్ళి కుర్చీలో కూలబడి, ఊపిరి అందేదాకా కూర్చుంది. పాస్టరమ్మగారి వంక ఆ పాత చూపు ఒకటి చూసింది. ఆమె తల దించుకుని కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఎంత దూరం నడిపించవచ్చో డాక్టరుగారిని అడిగి మరీ ఈ పని చేశారని మాకు తర్వాత తెలిసింది. నాయనమ్మ పాట ఎత్తుకుంది.

పై వారం కూడిక ఇంకో ఇంటి అవతలికి జరిగింది. ఆ తర్వాత వీధి చివరికి. నాయనమ్మ తిట్టుకుంటూనే నడిచేది. మోకాళ్ళ చప్పుడు పోలేదు, నొప్పీ పూర్తిగా పోలేదు, ఆయాసం మాత్రం తగ్గింది. ఒక ఆదివారం చర్చి దాకా నడిచి వచ్చి, మోకరించలేక కూర్చునే ప్రార్థన చేసుకుంది. పక్కనే కూర్చున్న మా అమ్మ పాస్టరమ్మగారి చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఇప్పుడు నా మోకాళ్ళూ కటకటమంటున్నాయి. కూర్చోమ్మా, మేం తెస్తాం అంటారు నా పిల్లలు. నా మీద ప్రేమ ఉంటే నా గ్లాసు నన్నే తెచ్చుకోనివ్వండని కసురుతాను. కూడికలో పాట ఎత్తుకునే వంతు కూడా నాదే అయింది. మోకాళ్ళ నొప్పులని ఎవరన్నా ఇంట్లోనే ఉండిపోతే, వాళ్ళింటికి కూడిక మారుద్దామని ఎవరో ఒకరు జాలిగా అంటూనే ఉంటారు. నేను ఒప్పుకోను. గుమ్మంవైపు చూస్తూ కూర్చుంటాను, పాట మాత్రం మొదలుపెట్టను.