మఖ్మల్ చుట్టిన విల్లు

ఆ రోజుల్లో మాదాపూర్ అంటే సగం బండలు, సగం అద్దాలు. ఇప్పుడు అటు పోయే పిల్లలకు చెబితే నమ్మరు గానీ, కొత్తగా లేచిన అద్దాల మేడల ముందు మేకలు నిలబడి తమ ముఖాలు తామే చూసుకునేవి. నేనూ అలాగే సగం కట్టి వదిలేసిన ఇల్లులా ఉండేదాన్ని. చిన్నప్పుడు జబ్బు చేసి బడి మానేస్తే, అక్షరాలూ స్తోత్రాలూ నాయనమ్మ, లెక్కలు నాయన ఇంట్లోనే నేర్పారు. ఇంటి చదువు గనక నలుగురు నా వైపు చూస్తే చాలు, చెవులు ఎర్రబడేవి. అలాంటి నన్ను దేవుడు తీసుకెళ్ళి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళందరి ముందు విల్లు చేతికిచ్చి నిలబెట్టాడంటే, ఆయనకు కూడా అప్పుడప్పుడు నవ్వుకోవాలని ఉంటుందేమో. (ఇది ఫిర్యాదు కాదు. ఆ విల్లు చేతికిచ్చినందుకు ఇప్పటికీ పొద్దున దీపం పెట్టేటప్పుడు ఆయనకు దండం పెట్టుకుంటాను.)

మా చిన్నమామ, అంటే అమ్మ తమ్ముడు, ఆ కంపెనీ వెనక ఖాళీ జాగాలో ఉద్యోగులకు విలువిద్య నేర్పేవాడు. నేను పొద్దున్నే మామ వెంట పోయి బాణాలు ఏరేదాన్ని, టార్గెట్లకు కాగితాలు అతికించేదాన్ని. ఏరే చేయి ఊరుకోదు కదా, మెల్లగా వేయడమూ వచ్చింది. వచ్చిన చిక్కల్లా ఉద్యోగులు రాకపోవడమే. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని భయపడి, వాళ్ళు కుర్చీల్లోంచి లేవడం మానేశారు. జాగా ఊరికే పడి ఉందని కార్ల పార్కింగ్‌కు ఇచ్చేద్దామన్నారు. ఆయుధ పూజ రోజు కంపెనీ పెద్ద సారు స్వయంగా వచ్చి చూసి, ఏదో ఒకటి తేలుస్తానని కబురు పెట్టారు.

"జాగ పోతే నా నౌకరీ పోతది బిడ్డా," అన్నాడు మామ. "నువ్వు ఎయ్యాలె ఆ రోజు."

"నేనా? నువ్వే ఎయ్యి మామా!"

"నేనేస్తే ఏమున్నది? కోచ్ గదా, ఎయ్యకేం జేస్తడు అంటరు. నేర్చుకున్నోళ్ళు ఎయ్యాలె. నేర్చుకున్నదానివి నువ్వొక్కదానివే ఉన్నవ్!"

మాకు మిగిలిన ఒకే ఒక్క ఉద్యోగి అనంతపురం సారు. ఆయన వేరే చోట నేర్చుకుని వచ్చినవారు గనక మామ లెక్కలోకి రారు. పేరు పెట్టి పిలిచే ధైర్యం నాకు లేదు గనక ఊరితోనే పిలిచేదాన్ని. ఎవరో స్నేహితుడి చేత విదేశం నుంచి తెప్పించుకున్న కాంపౌండ్ విల్లు ఆయన దగ్గర ఉండేది. రెండు కొసలకూ చక్రాలు, చక్రాల మీద తీగలు. మొదటిసారి చూసి సైకిల్ విరిగిందేమో అనుకున్నాను. ఆ రోజు వేయడానికి దాన్నే నాకిచ్చారు. డబ్బాలో దానితో పాటు మార్చి బిగించుకునే పిడులు మూడు ఉన్నాయి. ఒకటి లావుపాటి రబ్బరుది, చేతినిండా వచ్చేది. ఒకటి చెక్కది. మూడోది సన్నగా, బల్లపరుపుగా, మాంసం పోయి ఎముక మిగిలినట్టు ఉండేది. నా చేయి సహజంగా రబ్బరు దాని మీదికి పోయింది.

"అదొద్దమ్మా!" అన్నారు అనంతపురం సారు. "లావు పిడి అయితే అరచెయ్యంతా అంటుకుంటుంది. నువ్వు బిగించే కొద్దీ నీకు తెలీకుండానే విల్లు మెలి తిరుగుతుంది. దాన్నే టార్క్ అంటారు. ఇక్కడ గింజంత మెలి తిరిగితే అక్కడ బాణం ఎటో పోతాది. సన్నది పెట్టుకో. బొటనవేలి కింద మెత్త మీద ఆనించు, అంతే. వేళ్ళు ఒదులుగా పెట్టు."

"ఒదులుగా పెడితే పడిపోదా సార్?"

"మణికట్టుకు పట్టీ ఉందిగా! పడదు. విల్లును పట్టుకోవద్దమ్మా, చెయ్యి ఆనించు, సాలు."

ఈ మాట ఒంటబట్టడానికి నేను పడిన పాట్లు చెప్పలేను. హారతి పళ్ళెం ఎలా పట్టాలో నాయనమ్మ దగ్గర నేర్చుకున్నదాన్ని. "గట్టిగ పట్టు. పళ్ళెం వణికితే దేవునికి కోపం రాదే, నాకొస్తది," అనేది ఆవిడ. గట్టిగా పట్టడమే భక్తి అని నా వేళ్ళకు తెలుసు. వాటికి వదలడం నేర్పేసరికి అనంతపురం సారు గొంతు ఎండిపోయేది. అయినా ఓపికగల మనిషి, ఆయన ఇల్లు చల్లగా ఉండాలి. చివరికి సన్న పిడితో బాణాలు పసుపు గుండ్రంలో, అంటే టార్గెట్ నడిమధ్యలో, పడడం మొదలైంది.

ఆయుధ పూజ రోజు వచ్చింది. మామ షామియానా వాళ్ళతో గొడవపడుతుంటే విల్లుకు పూజ చేసే పని నా మీద పడింది. కడిగి, తుడిచి, గంధం పెట్టి, కుంకుమ దిద్దాను. అంతా బాగుంది గానీ ఆ ఎముకలాంటి పిడి చూస్తే నా మనసు ఒప్పలేదు. అమ్మవారి ముందు పెట్టే ఆయుధం అంత బోసిగానా? విరిగిన పళ్ళెంలో నైవేద్యం పెట్టినట్టు లేదూ? ఇక ఊరుకోలేక ఆ సన్నది విప్పి, లావు రబ్బరుది బిగించాను. దాని మీద మా ఇంటి అమ్మవారి పీటకు వేసిన ఎర్ర మఖ్మల్ గుడ్డలో మిగిలిన ముక్కను చుట్టి, పైన పసుపు దారం కట్టాను. చేతిలోకి తీసుకుంటే ఎంత నిండుగా ఉందో! ఆ తల్లే నా చేయి పట్టుకున్నట్టనిపించింది. (ఆవిడ పట్టుకోలేదని కాసేపటికే తెలిసింది.)

ఉద్యోగులంతా వెనక కుర్చీల్లో కూర్చున్నారు. ఎదురుగా మట్టి కట్ట, దాని ముందు టార్గెట్. దానికి ఎడమగా స్టూలు మీద, పూజ అయ్యాక కొట్టడానికని కుంకుమ అద్దిన బూడిద గుమ్మడికాయ. పెద్ద సారు గోదావరి వైపు మనిషి, ఎంతో మర్యాదస్తుడు. "కానివ్వండమ్మా," అన్నారు. నేను విల్లెత్తి, దేవుణ్ణి తలుచుకుని, హారతి పళ్ళెం పట్టినట్టు మఖ్మల్‌ను రెండింతలు బిగించి, టార్గెట్ నడిమధ్యకు గురిపెట్టి వదిలాను.

ఠప్పుమంది. టార్గెట్ అలాగే ఉంది. గుమ్మడికాయ రెండు చెక్కలై స్టూలు కింద పడి ఉంది.

నా ప్రాణం పోయింది. మామ తల పట్టుకున్నాడు. మరుక్షణం కుర్చీలన్నీ లేచి చప్పట్లు కొట్టాయి! "వావ్! ఏం ఐడియా అండీ!" అన్నారు పెద్ద సారు. "గుమ్మడికాయ బాణంతో కొట్టడం నేనెక్కడా చూడలేదండీ!"

నేను పరుగున పోయి, "సార్, నేను దానికి వెయ్యలేదు. టార్గెట్‌కు వేస్తే తప్పి తగిలింది," అన్నాను.

"చూశారా వినయం?" అన్నారాయన అందరి వైపు తిరిగి. మళ్ళీ చప్పట్లు.

"నిజంగ సార్, ఒట్టు!"

"ఒట్టు కూడా వేస్తోందండీ!" అని ఆయన మురిసిపోయారు. నేను నిజం చెప్పిన కొద్దీ నా గొప్పతనం పెరిగిపోయింది. భూమి చీలితే దూకేద్దామనుకున్నాను. "మా వైఫ్ ఇప్పుడే వచ్చారండీ, పాపం చూడలేదు. ఇంకోసారి, ప్లీజ్," అని ఇంకో గుమ్మడికాయ తెమ్మన్నారు. కంపెనీ బస్సు డ్రైవరన్న తన కాయను గుండెలకు హత్తుకున్నాడు. "అది మా బస్సుది సార్! దిష్టి తియ్యకుంటే బ్రేకులు పడయి!" ఎలాగో బతిమాలి తెచ్చి స్టూలు మీద పెట్టారు.

ఈలోగా నేను షామియానా వెనక్కి తప్పుకుంటే అనంతపురం సారు అక్కడికి వచ్చి నా చేతిలోని విల్లు చూశారు. ఏమీ తిట్టలేదు. "పెండ్లికూతురు మాదిరి చేసినావు కదమ్మా!" అన్నారు, అంతే. అది తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. దారం విప్పి, మఖ్మల్ మడిచి కొంగున కట్టుకున్నాను. పూజ చేసినదాన్ని విప్పుతూ, తల్లీ, తప్పైతే నన్నే అను, మామను అనకు అని మొక్కుకున్నాను. మామ స్క్రూలు తిప్పి సన్న పిడి బిగిస్తూ చిన్నగా అన్నాడు: "గుమ్మడికాయ మనకొద్దు బిడ్డా. నువ్వు నేర్చుకున్నది టార్గెట్. దానికే ఎయ్యి. పోతే పోనీ జాగ."

ఈసారి బొటనవేలి కింద మెత్త మీద పిడిని ఆనించి, వేళ్ళు వదిలేశాను. భయంలో వాటికి బిగించే ఓపిక కూడా లేదు. బాణం మెత్తగా పోయింది. పసుపు గుండ్రం నట్టనడుమ దిగి, తోక ఆడిస్తూ నిలబడింది. అంత చక్కని బాణం నేను అంతకు ముందు వేయలేదు.

"అయ్యయ్యో! మిస్!" అన్నారు కుర్చీల్లో అందరూ ఒక్క గొంతుతో.

డ్రైవరన్న ఒక్కడే చప్పట్లు కొట్టి, తన గుమ్మడికాయను ఎత్తుకుని పరుగు తీశాడు.

పెద్ద సారు దగ్గరికొచ్చి, ఏడుస్తానేమోనని కాబోలు, మెల్లగా అన్నారు. "ఫర్వాలేదమ్మా. మా ఆవిడ చూస్తోందని టెన్షన్ పడ్డావు. ప్రాక్టీస్ చాల్లేదు, అంతే." తర్వాత మామ వైపు తిరిగి, "మాస్టారూ, ఈ అమ్మాయికి ప్రాక్టీస్ బాగా కావాలండి. ఈ జాగా ఇలాగే ఉండనివ్వండి. కార్లకు ఇంకో చోటు చూసుకుందాం," అన్నారు.

మామ టార్గెట్ నడిమధ్యన దిగిన బాణం వైపు చూసి, నా వైపు చూశాడు. "అట్లనే సార్. గట్టిగ చేయిస్త," అన్నాడు చివరికి, చేతులు జోడించి.

అందరూ పులిహోర వైపు వెళ్ళిపోయారు. నేనొక్కదాన్నే టార్గెట్ దాకా నడిచి పోయాను. దారిలో ఎదురైన ప్రతివాళ్ళూ "పోన్లే అమ్మా, ఈసారి తగులుతుంది" అని ఓదారుస్తుంటే, చెవులు కాలిపోతుండగా "క్షమించండి, క్షమించండి" అంటూ తలొంచుకుని పోయి, నడిమధ్యన దిగిన బాణాన్ని పీక్కున్నాను. తను వేసిన మంచి బాణానికి ఊరందరికీ క్షమాపణ చెప్పుకున్న ఆ పిల్ల ఇప్పుడు ఎదురైతే, నవ్వాపుకుని దగ్గరికి తీసుకోవడం తప్ప నాకింకేం తోచదు.