ఆవ పెట్టిన కూర

మోండా మార్కెట్లో ఆవాలు కొని పక్కనే పొడి పట్టిస్తుంటే చుట్టూ ఉన్నవాళ్లు ముక్కులకు రుమాళ్లు అడ్డం పెట్టుకుంటారు. నేను మాత్రం బుద్ధిమంతుడిలా నిలబడి ఆ ఘాటు పీలుస్తాను. వాళ్లు నన్నెలా చూస్తారో తెలుసు. కానీ పార్వతి మేడం ఇప్పుడు ఇంకెక్కడా దొరకరు.

ఆవిడ మా డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేవారు. విజయనగరం వైపు మనిషి. పెళ్లై బొల్లారంలో స్థిరపడ్డా యాస ఇక్కడి నీళ్లకు లొంగలేదు. ఏటా కొత్త పిల్లలు చేరిన మొదటి నెలంతా మధ్యాహ్నం స్టాఫ్ రూముకు వెళ్లేవారు కాదు. ఎవరు ఒంటరిగా తింటుంటే వాళ్ల ఎదుట కూర్చుని తన డబ్బాలోంచి కూర వడ్డించేవారు. అరటికాయో, పనసపొట్టో, ఆవ మాత్రం తప్పనిసరి. కాలేజీ వాళ్లు మాకు స్వాగతసభ కూడా పెట్టారు. అందులో ముగ్గురు మాట్లాడారు, ఒక మైకు పాడైంది.

నేను సిద్దిపేట వైపు పల్లెలో తెలుగు మీడియం చదివి వచ్చినవాణ్ని. తిరుమలగిరిలో గది. ఇంగ్లీషు పాఠాల్లో నాకు పూర్తిగా అర్థమయ్యేది హాజరు పిలుపే. అందరూ నవ్వినప్పుడు నవ్వేవాణ్ని, అందరూ రాస్తుంటే రాసేవాణ్ని. చివరికి ఒకరోజు సంచీ సర్దుకునే కాలేజీకి వచ్చాను. అన్నం తిని బస్సెక్కి, మళ్లీ రాకూడదని. ఖాళీ కడుపుతో చదువు మానెయ్యడం నాకు నచ్చలేదు.

"ఏట్రా ఆ సంచీ?" అంటూ మేడం ఎదుట కూర్చున్నారు.

"ఇంటికి పోతున్న మేడం. నాకీడ ఏం సమజైతలేదు."

"ఏటి అర్థం కాలేదు?"

"యాడికెళ్లి షురూ చెయ్యాల్నో గదే."

ఆవిడ నవ్వలేదు, ఓదార్చలేదు. కూర వడ్డించి, "ముందు తిను. బస్సులు సాయంత్రం దాకా ఉంటాయి" అన్నారు.

రెండో ముద్దకే నా కళ్లు కారిపోయాయి. పక్క బల్ల వాళ్లు తిరిగి చూశారు.

"ఆవ ఎక్కువేసీసినట్టున్నాను" అన్నారు మేడం, వాళ్లకు వినపడేలా.

"అవును మేడం, ముక్కు పగులుతుంది" అన్నాను. నెపం కూర మీద పెట్టి తనివితీరా ఏడ్చాను. డబ్బా ఖాళీ అయ్యాక, "రేపు మొదటి పాఠం తెలుగులో చెప్తాను. సంచీ స్టాఫ్ రూములో పెట్టీయ్, బరువు" అన్నారు. అందులో ఉన్నవి రెండు జతల బట్టలు.

డిగ్రీ ఫలితాలు వచ్చినరోజు మళ్లీ అదే కూర పెట్టారు. డబ్బా సగం లాగించినా కన్ను చెమ్మగిల్లలేదు.

"ఏంది మేడం, ఇయ్యాల ఘాటే లేదు?"

"ఎప్పుడుందిరా?" అని మూత పెట్టేసుకున్నారు.

మేడం నిరుడు పోయారు. ఇప్పుడు నేను అదే కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మొదటి నెల నా డబ్బాలోనూ ఆవ కూరే. నాది నిజంగానే ఘాటు, వంట రాదు గనుక. మొన్న ఆవపొడి అయిపోయి పెరుగన్నం తెచ్చాను. ఒంటరిగా కూర్చున్న ఒక కొత్తమ్మాయికి పెడితే, తింటూ తింటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకేమీ తోచక, "ఆవ ఎక్కువైనట్టుంది" అన్నాను.

ఆమె పెరుగన్నం కేసి చూసి, "అవును సార్, మస్తు ఘాటున్నది" అంది.

సాయంత్రం ఈ ముచ్చట మేడంకి చెబుదామని అలవాటుగా బొల్లారం బస్సెక్కేశాను. సగం దారిలో గుర్తొచ్చింది. దిగలేదు. టికెట్ తీసుకున్నాను కదా.