ఏడో కట్టె

హిందూపురంలో మా కొడుకు కొట్టుకు శుక్రవారం శుక్రవారం ఒకాయన ధూపం వేయడానికి వస్తాడు. మొన్న సాంబ్రాణిలో గుగ్గిలం ఎక్కువ పడినట్టుంది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే, చింతపండు ఈనెలు తీస్తున్న చెయ్యి అట్లాగే ఆగిపోయింది. నాకది పూజ వాసన కాదు. ఒకప్పుడు ఆముదంలో గుగ్గిలం కాగుతుంటే మా వాకిలంతా నిండిన వాసన. దాని వెనకే ఓబుళాచారి చిన్నాయన గుర్తుకొచ్చాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నేను చదివింది మూడో తరగతి. అయినా ఈ సంగతి నేనే రాయాలి. ఇంకెవరికీ తెలియదు.

మా ఊరు పెనుకొండ నుంచి ధర్మవరం పోయే దారిలో, పెద్ద చెరువు పక్కన ఉంది. చెరువు నిండితే సగం చేలు అవతల చిక్కుకుంటాయి. చుట్టూ తిరిగి పోవాలంటే పూట పడుతుంది. అందుకని మా మామగారి కాలం నుంచి మా ఇంట్లో ఒక పడవ ఉండేది. జనాన్ని దాటించే పని మా వాళ్ళది. కానీ మా సీమలో చెరువు నిండేది ఎన్నేళ్ళకో! నేను కాపురానికి వచ్చాక ఆరేడేళ్ళు అందులో చుక్క లేదు. వాకిట్లో ఊరికే పడి ఉన్న పడవను చూస్తే నాకు కడుపు మండేది. ఇంత చెక్క ఉండగా ఎద్దులకు వేరే తొట్టి ఎందుకని, కుడితి అందులోనే పోయడం మొదలుపెట్టాను.

ఓబుళాచారి మా పక్కింట్లో ఎద్దుల బండ్లు చేసేవాడు. ఊరి వరుసన నాకు చిన్నాయన. ఒకరోజు గోడ మీదుగా తొంగి చూసి, "అమ్మీ, పడవకు నీళ్ళు బయట ఉండాల. నువ్వు లోపల పోస్తాండావే!" అన్నాడు.

"బయట యాడుండాయి చిన్నాయనా? వచ్చినప్పుడు చూద్దాంలే" అన్నాను. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఏదైనా ఒక్కసారే చెప్పే మనిషి.

నీళ్ళు వచ్చాయి. ఒక ఏడాది మూడు రోజులు వదలకుండా కురిసి చెరువు నిండి, పైనీళ్ళు పోయే మరవ పారింది. శనక్కాయ పంట అవతల ఉండిపోయింది. ఊరంతా మా వాకిటికి వచ్చింది. తారు పూసిన పలకలు పైకి బాగానే కనబడుతున్నాయి. చిన్నాయన పడవలోకి దిగి, పలకలను పక్కటెముకల్లా పట్టి ఉంచే వంపు కట్టెలను దబ్బనంతో పొడిచాడు. సంగటిలో వేలు దిగినట్టు దిగింది. పది కట్టెల్లో ఏడు కుళ్ళిపోయాయి.

"రేకు కొట్టి తారు పూస్తే ఈ పంటకు ఆగదా చిన్నాయనా?" అన్నాడు మా ఆయన.

"రేకు నీళ్ళనాపుతాది. మనుషుల బరువు మోసేది ఈ కట్టెలప్పా. నడిచెరువులో పలకలు విచ్చుకుంటే ఈత వచ్చినోళ్ళు ఎంతమంది ఉండారు మనూళ్ళో?"

నీళ్ళే చూడని ఊళ్ళో ఈత ఎవరికి వస్తుంది?

ఆయన అంతకుముందు పడవ ముట్టినవాడు కాదు. కానీ కట్టె తెలిసినవాడు. నిటారు కట్టెను వంపుగా కోస్తే నరం తెగి బలం పోతుందని, పెరగడంలోనే వంగిన తుమ్మకొమ్మల కోసం గోరంట్ల దాకా తిరిగాడు. ఒక కొత్త కట్టె బిగించాకే ఇంకో పాతది ఊడదీసేవాడు. "అన్నీ ఒకేసారి తీస్తే పడవ దాని ఆకారం మర్చిపోతాదమ్మీ" అనేవాడు. నేను ఆముదం, గుగ్గిలం కాచి, సందుల్లో జనపనార కూరేదాన్ని. సాయంత్రానికి ఆయన వేళ్ళు ముడిచి కట్టెలన్నిటినీ తట్టి, చెవి ఒగ్గి వినేవాడు.

ఆరు అయ్యాయి. ఏడోది చెక్కి, తొలిచి సిద్ధం చేసేసరికి బంధువులింట్లో చావు కబురు వచ్చింది. "మీ ఆయనతో బిగింపించు అమ్మీ" అని నాకొక్కదానికే చెప్పి బస్సెక్కాడు. ఆ కొత్త కట్టెను చేతిలోకి తీసుకుని చూశాను. మా చేను దున్నే మడక విరిగి ఉంది. దానికి సరిగ్గా సరిపోయే వంపు. పడవ తోకవైపున్న పాత కట్టె సగమే పోయినట్టు కనిపించింది. దాని గుంతల్లో రంపపు పొట్టు, గుగ్గిలం కూరి పైన తారు పూశాను. కొత్తది అటక మీద పెట్టాను. చేనునుంచి వచ్చిన మా ఆయనతో "ఏడూ అయిపోయినాయి" అన్నాను.

మూడో రోజు పడవకు పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టారు. పదకొండు మంది ఎక్కారు. వాళ్ళలో చంకన బిడ్డతో మా ఆడబిడ్డ ఉంది. అప్పుడే బస్సు దిగిన చిన్నాయన సంచి భుజాన ఉండగానే పడవలో కాలు పెట్టి కట్టెలు తట్టాడు. కొత్తవి ఆరూ ఖంగున పలికాయి. ఏడోది తడిసిన గోతంలా పలికింది. మళ్ళీ తట్టాడు. తలెత్తి నన్ను చూశాడు.

"దిగండప్పా అందరూ. నేనే ఒకటి మర్చిపోయినా."

"ఏమప్పా ఆచారీ, ఏడు దాకా లెక్క రాదా నీకు?" అన్నారొకరు. "బండ్లు చేసేటోనికి పడవిస్తే ఇంతే! రేపు దీనికి చక్రాలు పెడతాడు చూడు!" అన్నారింకొకరు. గట్టంతా నవ్వింది. నేను హారతి పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను.

సాయంత్రం కట్టె తెచ్చి ఆయన ముందు పెట్టాను. తిడతాడనుకున్నాను. పాత కట్టెను సుత్తితో ఒక్కటి వేసి, రాలిన పొడి నా అరచేతిలో పోశాడు.

"బరువుండాదా?"

"లేదు చిన్నాయనా."

"దీని మీదే కూచున్నారు పదకొండు మంది."

"నువ్వెందుకు మీదేసుకున్యావు?"

"నన్ను నాలుగు రోజులు నవ్వుతారు. బిడ్డతల్లి ఎక్కిన పడవ. తెలిస్తే నిన్ను ఇంట్లో బతకనిస్తారా అమ్మీ?"

ఆ రాత్రే ఏడో కట్టె బిగించాడు. ఆ నవ్వు నాలుగు రోజులతో పోలేదు. చెరువు నిండినప్పుడల్లా పడవ నడిచింది, ఎవరికీ కాలు తడవలేదు. ఆయన మాత్రం బండి చేసినప్పుడల్లా "అన్నీ బిగించినావా ఆచారీ?" అనిపించుకున్నాడు. కొందరు పని వేరేవాళ్ళకు ఇచ్చారు. ఆయన విని ఊరుకున్నాడు. నేనూ విని ఊరుకున్నాను. ఆయన్ను సాగనంపిన రోజున కూడా ఎవరో ఏడుస్తూనే అన్నారు: "పెద్ద పనిమంతుడు. ఆ పడవ కాడ ఒక్కసారి తప్పినాడంతే." అప్పుడూ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

నా పొదుపు ఇప్పటికీ పోలేదు. కాకపోతే మనిషి కాలు మోపే చోట, తల దాచుకునే చోట పొదుపు చేయను. తప్పు చేస్తే నలుగురిలోనే ఒప్పుకోమని పిల్లలకు చెప్తాను. చెప్పిన ప్రతిసారీ నా గొంతు నాకే బొంగురుగా వినిపిస్తుంది.

ఓబుళాచారి ఆ పడవ దగ్గర ఏదీ మర్చిపోలేదు. కట్టె దాచింది నేను. మా ఊరివాళ్ళెవరైనా ఇది చదివితే, చదువు రానివాళ్ళకు కూడా వినిపించండి.