ఎనిమిదో రోజు దాకా అనకూడని మాట

"టీచరమ్మ పోయింది పాపా. పొద్దున లేయనే లేదంట" అని ఫోన్లో చెప్పింది అమ్మ. "ఈతూరి పందిరి ఉండదులే" అంది. ఆ రెండో మాటలో ఊరట ఉంది. అనంతపురంలో మా హాస్టల్ వరండాలో నిలబడి విన్నాను. అప్పటికి నాలుగు రోజులుగా ఆకు కదలడం లేదు.

ముదిగుబ్బ దగ్గర మా ఊరి బడికి ఆమె కోస్తా నుంచి వచ్చింది. పిల్లలు లేరు. భర్త పోయాక, రిటైరయ్యాక కూడా మా పక్కింట్లోనే ఉండిపోయింది. మొదట్లో మా అవ్వ ఆమెను నిలదీసిందట.

"మీరు కిరస్తానమా?"

"కాదండీ, యూదులం. శనివారం పొయ్యి వెలిగించం."

"మాకూ శనివారమే. ఎంకటేశ్వరసామికి ఒక్కపొద్దు. ఇంగేముంది!" అంటూ అవ్వ చెంబుడు మజ్జిగ చేతిలో పెట్టిందట.

మేం వేరుశనగ పీకే రోజుల్లోనే ఆమెకు పర్ణశాలల పండగ వచ్చేది. ఏడు రోజులు ఆకుల పందిట్లో కూర్చుని తినాలి, ప్రార్థించాలి. తనవాళ్ళెవరూ లేని ఊళ్ళో ఆమె మా వీధినే కుటుంబం చేసుకుంది. ఇంటికొక కొమ్మ, అదీ పిల్లల చేతే రావాలి. ఒకరు ఈతమట్ట, ఒకరు కానుగ, ఒకరు వేప తెచ్చేవాళ్ళం. మగ్గం ఇంటి పిల్ల మిగిలిన పట్టుపోగులు కుచ్చులు కట్టి వేలాడదీసేది. అమ్మలు వంతులేసుకుని ఉగ్గాని, ఓళిగలు పంపేవారు. టీచరమ్మ దబ్బకాయను చేతి నుంచి చేతికి తిప్పి వాసన చూపించి, తన భాషలో ప్రార్థన చదివి, చివర 'ఆమేన్' మాత్రం మా అందరి చేతా అనిపించేది. కప్పు మరీ దట్టంగా ఉంటే కర్రతో పొడిచి సందు చేసేది. "చుక్క కనబడాలర్రా. కనబడకపోతే అది పందిరి కాదు, ఇల్లు."

పందిట్లో ఒక్క మాట మాత్రం అనకూడదు. వాన. ఎనిమిదో రోజు పొద్దున ఆమె తెల్లచీర కట్టుకుని వాన కోసం ప్రార్థన చదివేది. అప్పుడు మేం గొంతు పోయేలా అరవొచ్చు. "ఈ ఏడు రోజుల్లో పడిందంటే, మనం పందిట్లో కూర్చోవడం దేవుడికి ఇష్టం లేదన్నమాట" అనేది. పొద్దున లేస్తే వాన మాటే మాట్లాడే ఊళ్ళో అది మాకు పెద్ద ఆట. నోరు జారినవాళ్ళకి పది గుంజీలు.

నా పదకొండో ఏట అది ఆట కాకుండా పోయింది. ఆ ఏడు మేం ఆలస్యంగా విత్తాం. చేనికి ఊడలు మట్టిలోకి దిగాయి, తడి లేక కాయ పట్టడం లేదు. "రెండు దినాల్లో నేల పదును కాకుంటే పీకేస్తా. గొర్రెలకన్నా మేతవుతాది" అన్నాడు నాయన. పండగ మూడో రోజు, అందరూ వెళ్ళిపోయాక నేను ఆమె కొంగు పట్టుకున్నాను.

"ఇప్పుడే అడుగు టీచరమ్మా."

"ఇంకా ఐదు రోజులుందమ్మా."

"అప్పటికి మా చేను యాడుంటాది?"

ఆమె కప్పు సందుల్లోకి చూసింది. తర్వాత నా రెండు చేతులూ పట్టుకుని, ఎవరైనా వింటారేమో అన్నట్టు లోగొంతుకతో వాన ప్రార్థన చదివింది.

రెండు రోజులైనా చినుకు లేదు. నాయన చేను పీకించి ఎండకు పరిచాడు. ఏడో రోజు సాయంత్రం గాలి లేచింది. మూడు రోజులు ఆగకుండా కురిసింది. మా వీధిలో అందరి కాయా కుప్పల్లోనే నల్లబడింది. బూజు పట్టిన మేతను గొర్రెలు వాసన చూసి వదిలేశాయి.

"ఆ యమ్మ ఏడో దినం కాకముందే వానను పిల్చిందా?" అని అమ్మ నన్ను అడిగింది. తలూపాను. పిలవమన్నది నేనేనని చెప్పలేదు. అమ్మ నన్ను రెక్క పట్టుకుని రెండిళ్ళ నడుమ గోడ దగ్గరికి లాక్కుపోయింది.

"నువ్వు పిల్చినావా లేదా టీచరమ్మా?"

"పిలిచానమ్మా."

అంతే. నా వైపు చూడను కూడా లేదు.

ఆ తర్వాత ఏ ఇంటి నుంచీ కొమ్మ పోలేదు. ఏటా ఆమె ఒక్కతే పందిరి వేసుకుని, మాకోసం చాపలన్నీ పరిచి కూర్చునేది. ఎనిమిదో రోజు ప్రార్థన పెదవుల మీదే అయిపోయేది. గొంతు గోడ దాటేది కాదు. నా కాలేజీ ఫారాలు నింపింది ఆమే, నా ఇంగ్లీషు దిద్దింది ఆమే. ఒకసారి ఆ సంగతి ఎత్తబోతే, "అడిగింది పిల్ల. విన్నది పెద్దది. తప్పు పెద్దదానిది" అని నా చేతిలో టీ గ్లాసు పెట్టింది.

నేను ఊరికి చేరేసరికి, కోస్తా నుంచి ఆమె తమ్ముడు వచ్చి ఖననం ముగించాడు. వెళ్ళేముందు పందిరి గుంజలు మా గడప ముందు దించి, "మీ అమ్మాయికి ఇమ్మని అక్క ఎప్పుడో చెప్పింది" అన్నాడు.

"ఈటిని బయటే పెట్టు పాపా. కల్లంలో కాయ ఉండాది" అంది అమ్మ.

ఆ ఏడు వానను పిలవమన్నది నేనేనని అప్పుడు చెప్పాను, నాయన ముందే. అమ్మ గుంజల పక్కన కూలబడింది. "ఇన్నేండ్లూ ఆ యమ్మ ఎదురొస్తే మొగం తిప్పుకుంటి కదే!" నాయన లేచి, గుంజలు పాతడానికి గడ్డపార తెచ్చాడు.

ఇంటింటికీ పోయి జరిగింది చెప్పి అడిగితే, పండగ మొదటి సాయంత్రం ఆరిళ్ళ పిల్లలు కొమ్మలు పట్టుకుని వచ్చారు. వాళ్ళ అమ్మలు గోడ దగ్గరే ఆగి ఆకాశం చూస్తున్నారు. నిండు వెన్నెల రావాల్సిన రోజు. ఆమె ప్రార్థన నాకు రాదు, చివరి 'ఆమేన్' ఒక్కటే వచ్చు. అదే అనిపించాను. దబ్బకాయ చేతులు మారింది.

"ఆ మాట ఎప్పుడు అనొచ్చక్కా?" అంది అందరికన్నా చిన్నది.

"ఎనిమిదో దినం."

కర్ర తీసుకుని కప్పులో సందు చేశాను. చుక్క లేదు. ఇంకోచోట పొడిచాను. అక్కడా లేదు. దూరంగా ఉరిమింది. నాయన టార్చి వెలుగు కల్లం వైపు పరుగెత్తింది. పందిట్లో పిల్లలందరూ రెండు చేతులతో నోళ్ళు మూసుకుని, పైకి చూస్తూ కూర్చున్నారు.