ఛిల్కా మందు కోసం రాయ్‌పూర్

చెల్లెలు కుమారి రాయ్‌పూర్ నుంచి ఫోన్ చేసి, "అన్నయ్యా, ఇక్కడ ఛిల్కాతో మందు చేస్తున్నారట, మోటాపా తగ్గిపోద్దట" అంది. నాకు చిలక అని వినిపించింది. చిలకల్ని చంపి నేను సన్నబడడమేమిటని కోప్పడ్డాను. ఛిల్కా అంటే తొక్కట, మామిడిపండు తొక్క; మోటాపా అంటే ఒళ్లు. రైల్వే ఉద్యోగిని చేసుకుని పాతికేళ్లుగా అక్కడే ఉంది కదా, సగం మాటలు హిందీలోనే వస్తాయి.

పది కిలోలు తగ్గితేగాని మోకాలికి ఆపరేషన్ చేయనని డాక్టరు తేల్చేశాడు. నెలలు గడిచినా ముల్లు కదల్లేదు. మేడమీద తరగతికి పాఠం చెప్పడానికి మెట్లెక్కలేకపోతున్నాను, ఈ ఏడు బడే మానుకోవాల్సి వస్తుందేమోనని భయం. చిలకైనా ఛిల్కా అయినా సరేనని బయల్దేరాను.

ఉదయం ఆరున్నరకు విజయనగరంలో పాసింజరు ఎక్కాను. వెళ్లేవాళ్లు రాయగడలోనే ఇడ్లీ తినేయండి, తర్వాత అన్నీ సమోసాలే. పక్కాయన చాలా మర్యాదస్తుడు. "మాస్టారూ, ఎదర సీటు ఖాళీ అయింది, అటు జరిగితే ఇద్దరికీ హాయి" అన్నాడు. రాత్రి ఏడున్నరకు రాయ్‌పూర్‌లో దిగాను.

కుమారి వేడివేడిగా చీలాలు వేసింది, అంటే అక్కడి బియ్యప్పిండి అట్లు. ఒకటి చాలన్నాను. ఒకటి పెట్టకూడదంటూ రెండోది వేసింది. కాసేపటికి మూడోది వేసి, మూడూ పెట్టకూడదంటూ నాలుగోది వేసింది. "రేపట్నుంచి మందు ఉందిగా" అంది.

మర్నాడు పదింటికి ఇద్దరం ఆటోలో భన్‌పురి వెళ్లాం. పళ్లరసం ఫ్యాక్టరీ వెనక తొక్కలూ టెంకలూ గుట్టగా పడున్నాయి. సూపర్‌వైజరు అప్పారావుది పలాస. "మందేటి బాబూ? కాలేజీ మేడమ్‌గారు ఓ గోనెడు పట్టుకెళ్లి, సారం తీసి ఎలకలకి ఇస్తారు. మిగతాదంతా డైరీవోళ్లు తీసుకెళ్తారు."

"వాళ్లకెందుకు?"

"గేదెలు బలుస్తాయని."

సాయంత్రం శంకర్ నగర్‌లో ఆ మేడమ్ ఇంటికి వెళ్లాం. ఆవిడా నాలాగే నిండైన మనిషి. ఆవిడ హిందీని కుమారి తెలుగు చేసింది: "ఎలకలకి చర్బీ, అదే కొవ్వు, తగ్గుతున్నట్టే ఉందట అన్నయ్యా. మనుషుల సంగతి ఇంకా తెలీదట. ఎలకలకి తిండి తూచి పెడతారట. మీకెవరు తూచి పెడతారని అడుగుతోంది." అని కుమారి అమాయకంగా నా మొహంలోకి చూసింది. నాకు సిగ్గేసింది.

తిరుగు ప్రయాణం నాడు స్టేషన్లో కుమారి చీలాల డబ్బా అందించింది. జన్మలో మొదటిసారి వద్దన్నాను.

"బాగా చెయ్యలేదా?"

"బాగా చేస్తావు. అదే వచ్చిన చిక్కు. నేను మెట్లెక్కాలమ్మా."

డబ్బా వెనక్కి తీసుకుంది. రైలు కదిలాక పెద్ద ఘనకార్యం చేసినట్టు కాళ్లు చాపుకుని కూర్చున్నాను. ఆరంగ్ దాటుతుండగా ఫోన్ చేసింది. "కోప్పడకు. సంచిలో అడుగున ఇంకో డబ్బా పెట్టాను. దారిలో ఆకలేస్తే ఎలా?"

పక్కవాళ్లకు ఇచ్చేద్దామనే మూత తీశాను. రాయ్‌పూర్ ఆదరం గురించి విన్నవన్నీ నిజమే, చీలాలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. మహాసముంద్ వచ్చేసరికి డబ్బా ఖాళీ. టిట్లాగఢ్‌లో రైలు చాలాసేపు ఆగింది. దిగి నాలుగడుగులు వేద్దామనుకున్నాను, మోకాలు ఒప్పుకోలేదు.