నెత్తళ్ళు వద్దన్న పిన్ని

మా పిన్ని మొన్న శుక్రవారం తెల్లవారుజామున పోయింది. తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, పిన్ని..." అని ఆగిపోయాడు. దీపం వెలిగించి కాసేపు కూర్చున్నాను.

అమ్మ పోయాక మా ముగ్గురినీ పెంచింది ఆమే. ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని ద్వారకా నగర్ సందుల్లో అమ్మేది. ఏ ఇంట్లో ఎవరికి తలకాయ ఇష్టమో ఆమెకి తెలుసు. వాసన తేడాగా ఉంటే ఆ చేప పిల్లికే. "నాను తిననిది గంపలో ఎయ్యను" అనేది.

ఆమెని తలుచుకుంటే నాకు కిందటి వేసవిలో ఒక ఉదయం గుర్తొస్తుంది. అప్పటికి ఆల్జీమర్స్ అని తేలి, మాత్ర మొదలుపెట్టి కొన్ని నెలలైంది. మరిచిపోయిన మా పేర్లు మళ్ళీ ఆమె నోట వినపడుతున్నాయి. తమ్ముడి ఇంటి పెరట్లో నేను పులుసులోకి మామిడికాయ తరుగుతున్నాను. చెల్లి వేలెడంత నెత్తళ్ళ చేపల తలలు తుంపుతోంది. పిన్ని మెట్టు మీద, ఎండలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. చేతికి పనిగా ఉంటుందని గుప్పెడు నెత్తళ్ళు ఆమె ముందు పెట్టాను. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఏటే పెద్దమ్మాయ్ ఈ కంపు? అవతలెట్టు."

"ఓలమ్మో!" చెల్లి నవ్వింది. "పుట్టి బుద్దెరిగి సేపల్లోనే ఉన్నావు, ఇప్పుడు కంపా?"

"అయితే నువ్వే తినే. నాకొద్దు."

అప్పుడే తమ్ముడు స్టీల్ ప్లాంట్‌లో నైట్ డ్యూటీ దిగి వచ్చాడు. "పిన్నీ, నానెవర్ని?" అన్నాడు, రోజూ అడిగినట్టే.

"సిన్నోడివి. ఎవరివో నీకు తెల్దేటి?"

పిల్లలు పరీక్ష పాసైనట్టు అందరం సంబరపడ్డాం. ఆమె లోపలికి వెళ్దామని లేచింది. కళ్ళు తిరిగి, గోడ పట్టుకుని కిందికి జారిపోయింది. లేవదీసినప్పుడు తెలిసింది, మనిషి ఎంత తేలికైపోయిందో.

"తిండి ఎప్పట్నుంచి తగ్గింది?" అని ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది.

"జబ్బు ముదిరి సేపల రుచి మర్సిపోయిందనుకున్నామమ్మా" అన్నాను.

"మాత్ర వల్ల కూడా కావచ్చు. కొందరికి వికారం, ఆకలి పోవడం, గుండె నెమ్మదించడం ఉంటాయి. నాడి కూడా నెమ్మదిగానే ఉంది. ఈ రోజు వేయకండి. ఈ మందు జబ్బుని నయం చేయదు, కొన్నాళ్ళు మతిని కాస్త నిలబెడుతుంది. కోలుకున్నాక తక్కువ మోతాదులో వేసి చూడొచ్చు, పూర్తిగా మానేయనూ వచ్చు. మానేస్తే ఉన్న గుర్తు కొంత జారిపోవచ్చు. ఇంట్లో అనుకుని చెప్పండి."

ఈ సంగతి మేం ముందే ఎందుకు అడగలేదో! పేర్లు వింటూ మురిసిపోయాం, కంచం వైపు చూడలేదు. మీ ఇంట్లో ఇలాంటి మందు వాడేవాళ్ళుంటే కంచం కూడా చూడండి. తేడా కనిపిస్తే మీ అంతట మీరు మానెయ్యకుండా డాక్టర్ని అడగండి.

మాత్ర ఆపేశాక పిన్ని నెత్తళ్ళ పులుసు అడిగి మరీ తిన్నది. మా పేర్లు మాత్రం ఒక్కొక్కటే పోయాయి. ముందు నాదే. "ఏ ఊరమ్మా మీది?" అనేది నన్ను. ఆమె తింటుంటే దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని. ఆ మాట విన్నప్పుడు మొహం తిప్పుకునేదాన్ని.

పిన్నిని ఆస్పత్రి నుంచి తెచ్చిన ఆ సాయంత్రమే, మాత్ర సంగతి తేల్చుకోవడానికి ముగ్గురం పెరట్లో కూర్చున్నాం.

"మాత్ర మానేత్తే నన్నింక పిలవదు అక్కా" అన్నాడు తమ్ముడు తలెత్తకుండా. "తక్కువ డోసేసి సూద్దాం."

"పిలుపు కోసం పస్తులెడతావేటిరా?" చెల్లి అంది. "తను తిననిది గంపలో ఏసేది కాదు. ఆవిడ నోట్లో మనం ఏటి ఏత్తన్నాం?"

ఇద్దరూ నా వైపు చూశారు. దేవుడి పటం దగ్గరికి వెళ్ళి వచ్చాను.

"మాత్ర వద్దు" అన్నాను. "నానెవర్నని ఇంకెవరూ అడగొద్దు. దగ్గరకెళ్ళినోళ్ళే తమ పేరు సెప్పాలి."

తమ్ముడు లేచి, గంజన్నం గిన్నె పట్టుకెళ్ళి ఆమె ముందు కూర్చున్నాడు.

"పిన్నీ, నాను సిన్నోణ్ణి" అన్నాడు. "రెండు ముద్దలు తింటావేటి?"