ఎర్రగీత కట్టలో ఐదు కార్డులు

డెబ్బైల మధ్యలో వరంగల్‌లో నేను చేసిన ఉద్యోగం ఏమిటో చెప్పడం కష్టంగా ఉండేది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద ఎవరో ఒకరు అడిగేవారు. కాలేజీలో కార్డులు చూసుకుంటానని ఒకసారి చెప్పాను. ఒక పెద్దమ్మ వెంటనే నా చెయ్యి పట్టుకుంది.

"మా రేషన్ కార్డు జర చూడరాదు బిడ్డా. ఇంట్ల ఎనమండుగురముంటే అయిదుగురినే రాసిన్రు."

నావి ఆ కార్డులు కావని చెప్పేసరికి ఆమె చెయ్యి వదిలేసింది. ఆ తర్వాత ఎవరడిగినా గుమాస్తానని చెప్పి ఊరుకునేదాన్ని.

నావి చిల్లుల కార్డులు. మా ఇంజనీరింగ్ కాలేజీలో ఒక కంప్యూటర్ ఉండేది. గది నిండా అదే. దానికి ఏం చెప్పాలన్నా పొడుగాటి అట్ట కార్డుల మీద చిల్లులు కొట్టి తినిపించాలి. ఒక్కో కార్డుకు ఒక్కో వాక్యం. వెయ్యి పైచిలుకు కార్డులు వరుసగా పేరిస్తే ఒక ప్రోగ్రాం. వరుస చెదిరితే అట్టముక్కలు. దుమ్ము పడకూడదని గదిలోకి ఎవరినీ రానిచ్చేవారు కాదు. విద్యార్థులు గోడకున్న చిన్న కిటికీలోంచి కార్డులు అందించి వెళ్ళేవారు. నాకు వాళ్ళ చేతులే తెలుసు, ముఖాలు తెలియవు.

సివిల్ విభాగంలోని లెక్చరర్ సారు మూడేళ్ళు కూర్చుని ఒక ప్రోగ్రాం రాశారు. ఎత్తైన కట్టడాల స్తంభాలు ఎంత లావుండాలో, లోపల ఎంత ఇనుము వెయ్యాలో అది లెక్క కట్టేది. పైనున్న బరువు, కింద నేల గట్టితనం, పక్క నుంచి గాలి తోపుడు అన్నీ లెక్కలోకి పట్టేది. సారు దాన్ని దాచుకోలేదు.

"ఎవలడిగినా ఇయ్యమ్మా. ఊకెనే ఇయ్యి. మార్చుకున్నోళ్లు మార్చిన కార్డులు మనకు గూడ పంపాలె. గదొక్కటే షరతు," అని ఆ కట్ట నా చేతికిచ్చారు.

అలా అది ఏడు చోట్లకు వెళ్ళింది. ఆరు కాలేజీలు, అన్నీ దూరపు ఊళ్ళవే. ఏడోది సుబేదారిలో ఒక ఇంజనీర్ల ఆఫీసు, నేనుండే అద్దె గదికి రెండు వీధుల అవతల. వాళ్ళకు కంప్యూటర్ లేదు. హైదరాబాద్‌లో వాళ్ళ పెద్దాఫీసులో ఉంది. కట్ట ఇస్తే టపాలో అక్కడికి పంపి లెక్క చేయించుకుంటామని రాశారు. ధర్మసాగర్ దారిలో ఒక ఊరికి నీళ్ళ ట్యాంకు కడుతున్నామని, దాని కోసమేనని.

కట్టలు చూసుకోవడం నాకు ఎవరూ నేర్పలేదు. అంతకుముందు అయిదేళ్ళు హైదరాబాద్‌లో ఒక దినపత్రికలో ప్రూఫులు దిద్దాను. అక్కడి అలవాట్లే ఇక్కడ పెట్టుకున్నాను. పత్రికలో దూర జిల్లాలకు పోయే డాక్ ఎడిషన్ త్వరగా ముగించాలి కనుక అందులో ఖాయమైన వార్తే వేసేవాళ్ళు. ఊళ్ళో పంచే సిటీ ఎడిషన్‌కు చివరి నిమిషం దాకా మార్పులు జరుగుతూనే ఉండేవి. నా కట్టలకూ అవే పేర్లు. సారు కొత్తగా ప్రయత్నించేవీ, బయటివాళ్ళు పంపిన మార్పులూ ముందు సిటీ కట్టలోకి. పదిసార్లు నడిచి తప్పు లేదని తేలినవే డాక్ కట్టలోకి. బయటికి పోయేది డాక్ కట్ట నకలే.

కట్ట చేజారితే మళ్ళీ పేర్చుకోవడానికి ఒక పద్ధతి ఉండేది. కార్డులన్నీ సమంగా సర్ది, పై అంచుల మీద ఈ మూల నుంచి ఆ మూలకు సిరాతో ఏటవాలుగా గీత గీస్తాం. ఒక్క కార్డు స్థానం తప్పినా గీత విరిగి కనిపిస్తుంది. కొత్త కార్డు దూరిస్తే దాని అంచు తెల్లగా ఉంటుంది కనుక గీతలో సందు పడుతుంది. ఎక్కడెక్కడ చెయ్యి పెట్టామో గీతే చెప్పేది. సందులు మరీ ఎక్కువైనప్పుడు మొత్తానికి కొత్త కార్డుల మీద నకలు తీసి, వేరే రంగుతో కొత్త గీత గీసేదాన్ని. అదే కొత్త ముద్రణ. మొదటిది నీలం. రెండోది ఎరుపు.

తప్పు ఎరుపు దగ్గర జరిగింది.

ఆ ఎండాకాలం సారు సిటీ కట్టలో ఐదు కార్డులు పెట్టారు. లెక్క త్వరగా తేలేందుకు గాలి తోపుడును పక్కన పెట్టే కార్డులవి, ప్రోగ్రాంను నడిపి చూసుకునే వరకే. పని కాగానే తీసెయ్యాలని నేనే వాటి అంచుల మీద పెన్సిల్ గుర్తులు పెట్టాను. మిగతా మార్పులన్నీ బాగున్నాయని తేలింది. వాటిని ఒక్కొక్కటిగా డాక్‌లోకి ఎక్కిస్తే వారం పడుతుంది. అందుకని సిటీ కట్టకే నకలు తీశాను. ముందుగా ఆ ఐదు కార్డులు తియ్యాలి. తియ్యలేదు. నకలు యంత్రం చిల్లులను దింపుతుంది గానీ పెన్సిల్ గుర్తులను కాదు. ఆ తాజా కట్ట మీద ఎర్ర గీత గీశాను. ఎక్కడా సందు లేదు. చూసి మురిసిపోయి, ఏడు నకళ్ళు తీసి, అట్టపెట్టెల్లో పెట్టి సుతిలితో కట్టి పంపించాను.

అందినట్టు జాబులు వచ్చాయి. వాటిని గదికి తీసుకెళ్ళి మళ్ళీ చదువుకునేదాన్ని. ఎవరి సంతకం ఎలా వంగుతుందో నాకు తెలుసు. సుబేదారి ఆఫీసు జాబు ఎప్పుడూ ఒకే చేతివ్రాతలో ఉండేది: "కట్ట అందినది. మిక్కిలి ఉపయోగకరముగా నున్నది." రోజూ బస్సు దిగి ఆ ఆఫీసు ముందు నుంచే నడిచేదాన్ని. నేను చేసే పనేమిటో తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో ఆ కిటికీల వెనకాల ఉన్నారని అనుకునేదాన్ని. లోపలికి మాత్రం వెళ్ళలేదు. వెళ్ళి ఏమని చెప్పుకోవాలి?

వానలు మొదలయ్యాక సముద్రం పక్క ఊళ్ళోని కాలేజీ నుంచి అక్కడి ఆపరేటరు జాబు రాశాడు. "గాలి ఎంత వేసినా, అసలు వెయ్యకపోయినా మాకు ఒకటే జవాబు వస్తోందండి. మేమే ఏదైనా పొరబాటు చేస్తున్నామేమో దయచేసి చూసి చెప్పగలరు."

జాబు మడవకుండానే వెళ్ళి సారుకు చూపించాను. ఆయన చదివి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"పేపర్ల తప్పు పడితె ఏం జేస్తరమ్మా?"

"తెల్లారి సవరణ ఏస్తం సార్."

"మరి ఎయ్యి. నిన్ను తిట్టి నేనేం బావుకుంట? పెట్టినోన్ని నేను, తియ్యనిదానివి నువ్వు. చెరి సగం."

ఆయన తేలిగ్గా అన్నారు గానీ నాకు తేలిక కాలేదు. పత్రికలో పడ్డ తప్పు మధ్యాహ్నానికి మిర్చిబజ్జీల పొట్లమవుతుంది. కార్డుల్లో పడ్డ తప్పు పాతబడదు. ఎన్నిసార్లు తినిపించినా మొదటిరోజంత ధీమాగా అదే మాట చెబుతుంది.

ఏడు జాబులు టైపు చేశాను. ఎర్రగీత కట్టలో ఫలానా నంబర్ల ఐదు కార్డులు తీసెయ్యండి, తీసినట్టు రుజువుగా వాటిని మాకు తిప్పి పంపండి అని. మూడు వారాల్లో ఆరు కవర్లు వచ్చాయి. సుబేదారి నుంచి రాలేదు. ఇంకో జాబు రాశాను. దానికీ లేదు. గాలి లెక్క లేకుండా స్తంభాలు వేస్తే అవి సన్నగా వస్తాయి. వాటి మీద నీళ్ళు నిండిన ట్యాంకు. కింద ఒక ఊరు.

ఆదివారం చర్చి నుంచి నేరుగా ధర్మసాగర్ బస్సెక్కి ఆ ఊళ్ళో దిగాను. పనికి సెలవు. ఇసుక కుప్ప పక్కన గుడిసెలో కాపలా ఉన్న మేస్త్రి భార్య బియ్యం ఏరుకుంటోంది. ఆరు స్తంభాలు నాకు రెండింతల ఎత్తు లేచి ఉన్నాయి. ఒకదాని చుట్టూ చెయ్యి పెట్టి జానలతో కొలిచాను.

"ఓ అక్కా, గట్ల అలుముకుంటున్నవేంది? పానం బాగలేదా?"

"లావు సరిపోతదా అని చూస్తున్న."

"ఇంకెంత లావు గావాలె? ఇనుము కట్టెటోడు రోజు తిట్టవట్టె, ట్యాంకు కడుతున్రా, కోట కడుతున్రా అని."

"ఎప్పటికైతది?"

"దసరకు నీళ్లిస్తమన్నరు. ఏ యేడాది దసరకో చెప్పలే," అని తనే నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఆ లావు చాలో లేదో చెప్పేంత చదువు నాకు లేదు. నేను వరుస చూసేదాన్నే.

సోమవారం సెలవు పెట్టి సుబేదారి ఆఫీసుకు వెళ్ళాను. జాబుల మీది సంతకం పెద్ద గుమాస్తాది. తెల్లటి మీసాల మనిషి. నేను రాసిన జాబులు రెండూ ఆయన బల్ల మీద కాగితాల కట్టలోనే ఉన్నాయి.

"సదివిన బిడ్డా. ఏ కార్డులో, ఎక్కడి కార్డులో సమజ్ కాలే. ఎవలన్న వస్తరులే అని పెట్టిన."

"మీకు పంపిన అట్టపెట్టెలు సార్. హైదరాబాద్ పంపుతమన్నరు గదా?"

"పెట్టెలా?" ఆయన లోపలి గది వైపు కేకేశారు. "ఏమయ్యా, కాలేజీ పెట్టెలు ఏడున్నయి?"

"నా కాళ్ల కింద ఉన్నయి," అని జవాబొచ్చింది.

లోపల డ్రాఫ్ట్స్‌మన్ ఎత్తైన స్టూలు మీద కూర్చుని గీస్తున్నాడు. స్టూలుకు కాళ్ళు పెట్టుకునే కడ్డీ విరిగిపోయింది. దాని బదులు నీలం కట్ట పెట్టె మీద ఎర్ర కట్ట పెట్టె. రెంటికీ నేను వేసిన సుతిలి ముడి అలాగే ఉంది.

"హైదరాబాద్ పంపలేదా?"

"పంపాల్నంటె ఆర్డర్ గావాలె. ఆర్డర్ రాలే," అన్నాడతను. "కాళ్లకు మస్తుగున్నయి మేడం. ఇంకోటి పంపితె ఎత్తు సరీగ సరిపోతది."

"మరి ట్యాంకు? ఆ స్తంభాల లెక్క?"

"గదా! చలికాలంలనే చేత్తోటి ఏసిన. గాలి గిట్ల అన్ని పట్టిన, పైకెల్లి ఇంకింత లావు జేసిన. వందేండ్లుంటది. మీరు ఫికర్ జెయ్యకున్రి."

గోడకు ఆనుకుని నిలబడ్డాను. పెద్ద గుమాస్తా కూజాలోంచి నీళ్ళు వంచి ఇచ్చారు. తాగాక అడిగాను.

"మిక్కిలి ఉపయోగకరముగా ఉన్నదని రాసిన్రు గదా సార్."

ఆయన కాస్త సిగ్గుపడ్డారు. "ఉత్త అందినదని రాస్తె బాగుండదని ఒక లైను కలుపుత బిడ్డా. అందరికి గదే రాస్త."

ఎర్ర కట్ట పెట్టె ఒకసారి ఇమ్మన్నాను. డ్రాఫ్ట్స్‌మన్ కాళ్ళు పైకెత్తుకున్నాడు. నేల మీద కూర్చుని ముడి విప్పి, నంబర్లు చూసి ఐదు కార్డులు తీశాను. మళ్ళీ కట్టాను.

"ఎవలు విప్పనిదానికి గంత మెహనతెందుకు మేడం?"

"రేపు ఎవరన్న విప్పుతరేమో."

పెట్టెను తిరిగి అతని కాళ్ళ కింద పెట్టాను. అతను అడగకపోయినా.

మర్నాడు సంగతి చెబితే సారు పకపకా నవ్వి, "బతికినం పో," అన్నారు. నేనూ నవ్వాను. తర్వాత గదిలో ఒక్కదాన్నే కూర్చుని మిగతా ఆరు కవర్లూ మళ్ళీ విప్పాను. యంత్రంలో నాలుగైదుసార్లు నడిచిన కార్డుకు అంచులు మెత్తబడతాయి, మూలలు కొద్దిగా నలుగుతాయి. ప్రూఫు ఎన్ని చేతులు మారిందో కాగితం చెప్పినట్టే. ఐదు కవర్లలోని కార్డులు నేను పంపిననాటి లాగే కరకరలాడుతున్నాయి. సముద్రం పక్క ఊరివి మాత్రం గుడ్డముక్కల్లా ఉన్నాయి.

మూడో ముద్రణ చలికాలానికి సిద్ధమైంది. ఈసారి ముందుగా అందరికీ జాబు రాశాను. కావలసినవాళ్ళే రాయండి, అందినట్టు రాయనక్కర్లేదు అని. నెలన్నర చూశాను. ఒక్క జాబు వచ్చింది, సముద్రం పక్క నుంచే. అందులో అతను మార్చిన మూడు కార్డులు కూడా ఉన్నాయి.

ఏడు నకళ్ళు తీయడానికి నాకు వారం పట్టేది. ఒక్క నకలు, దానికి ఆకుపచ్చ గీత, పార్సెల్, అన్నీ పదకొండుకల్లా అయిపోయాయి. సారు తలుపు దగ్గరికి వచ్చి చూశారు.

"గంతేనా?"

"గంతే సార్."

సారు పార్సెల్ వైపు చెయ్యి చాచారు. "పోస్టాఫీసు దిక్కే పోతున్న, ఇటు తే," అని పార్సెల్ తీసుకుని వెళ్ళిపోయారు. పోస్టాఫీసు దాకా నేనే నడిచి వెళ్ళాలనుకున్నాను. ఇప్పుడు ఆ పని కూడా లేదు. మధ్యాహ్నమంతా మిగిలిపోయింది.